పసినెత్తురు – కలకత్తా వైద్యుల కృషి

కలకత్తా నగరము 2001 నుండి అధికారికముగా కోల్‌కతా అని వ్యవహరింపబడుచున్నది. ఆ మహానగరములో పిల్లల రక్తవ్యాధులకు చికిత్స చేయు వైద్యశాల యేదైనను, దాని యెదుట తెల్లవారకముందే జనము బారులు తీరుదురు. సుందరవనముల దీవులనుండి పడవ యెక్కి, పిదప రైలెక్కి వచ్చినవారు కొందరు. ముర్షిదాబాదు, మాల్దా జిల్లాల పల్లెలనుండి వచ్చినవారు కొందరు. బీహారునుండియు, ఝార్ఖండునుండియు, ఈశాన్య రాష్ట్రములనుండియు వచ్చినవారు మరికొందరు. వారి భాషలు వేరు, వేషములు వేరు. కాని వారి యొడిలోని బిడ్డల మొగములు మాత్రము ఒక్కతీరుననే యుండును. పెదవులు పాలిపోయి, కన్నులు సోలి, ఆటపాటల మీద ఆసక్తి లేక తల్లి భుజముపై తలవాల్చిన బిడ్డలు వారు.

ఆ బారులో ఒక తెలుగు కుటుంబముకూడ నున్నదనుకొందము. కలకత్తాకు పడమటగా సుమారు 120 కిలోమీటర్ల దూరమున ఖరగ్‌పూరు రైల్వే పట్టణము కలదు. అచ్చట తెలుగువారు తరతరములుగా స్థిరపడియున్నారు. తాత రైల్వే ఉద్యోగమునకై వచ్చి యచ్చటనే యిల్లు కట్టుకొనెను. తండ్రి చిన్న కిరాణాకొట్టు నడుపుకొనుచున్నాడు. వారి అయిదేండ్ల ఆడపిల్లకు మూడు వారములుగా జ్వరము. తగ్గినట్లే తగ్గి మరల వచ్చుచున్నది. రాత్రులందు కాళ్ళ యెముకలు నొచ్చుచున్నవని యేడ్చును. దెబ్బ తగులకయే ఒంటిమీద నల్లని మచ్చలు లేచినవి. జ్వరమునకు మందిచ్చిరి, నీరసమునకు టానిక్కు త్రాగించిరి, దిష్టి తగిలినదేమోనని నాయనమ్మ తాయెత్తు కట్టించినది. చివరకు స్థానిక వైద్యుడొకడు బిడ్డ పొట్టను తడిమి చూచి, రక్తపరీక్ష చేయించి, కాగితమును చూచినంతనే కలకత్తాకు పొమ్మని చెప్పెను.

ఇది యే యొక్క కుటుంబపు కథయు కాదు. అనేక కుటుంబముల అనుభవములను కలిపి చెప్పిన ఉదాహరణము మాత్రమే. అయినను శిశు రక్తవ్యాధులకు చికిత్స చేయు వైద్యుని పని యెట్టిదో తెలిసికొనుటకు ఈ బిడ్డ వెంట మనముకూడ వైద్యశాలలో నడుగిడుట మంచిది.

రక్తము పుట్టుచోటు

రక్తము గుండెలో పుట్టునని పలువురు తలంతురు. అది సరికాదు. గుండె రక్తమును తోడిపోయు యంత్రము మాత్రమే. రక్తకణములు పుట్టుచోటు ఎముకలలోని మూలుగ. పెరిగిన మనుష్యుని మూలుగ దినమునకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణములను తయారుచేయును. ఎర్రకణము నాలుగు నెలలు బ్రదికి, ప్రాణవాయువును దేహమంతటికిని మోయును. తెల్లకణములు రోగక్రిములతో పోరాడును. ప్లేట్‌లెట్లను సూక్ష్మకణములు గాయమైనచోట గుమిగూడి రక్తస్రావమును ఆపును. ఇవి పది దినములకు మించి బ్రదుకవు.

కావున మూలుగ ఒక కర్మాగారము వంటిది. ఆ కర్మాగారములో తప్పు రెండు విధములుగా జరుగవచ్చును. తయారగు సరుకే లోపభూయిష్టమగుట యొకటి. తలసేమియా వ్యాధిలో జరుగునది యిదియే. ఎర్రకణములోని హిమోగ్లోబిన్ సరిగా తయారు కాదు, కణములు త్వరగా నశించును, బిడ్డ రక్తహీనుడగును. అక్కరకురాని కణములు మితిమీరి పెరిగి కర్మాగారమునంతను ఆక్రమించుట రెండవది. ఇది లుకేమియా, అనగా రక్తపు క్యాన్సరు. అందులో ఎదుగని తెల్లకణములు మూలుగను నింపివేయును. ఎర్రకణములకు చోటులేక బిడ్డ పాలిపోవును. ప్లేట్‌లెట్లు తగ్గి మచ్చలు లేచును. పనికివచ్చు తెల్లకణములు కరవై జ్వరములు వచ్చును. మూలుగ క్రిక్కిరిసిపోయి యెముకలు నొచ్చును. ఖరగ్‌పూరు బిడ్డ బాధలన్నియు ఈ యొక్క కారణమునుండియే పుట్టినవి.

వైద్యుడు మొదట చేయు పని చాల సామాన్యముగా కనిపించును. రక్తపుబొట్టును గాజుపలకపై పలుచగా పరచి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూచును. ఆ పిదప తుంటియెముకనుండి మూలుగను సూదితో తీసి పరీక్షించును. ఇటీవలి కాలమున ఆ కణముల పైపొరల గుర్తులను, వాటిలోని క్రోమోజోములను గూడ యంత్రముల సాయముతో పరీక్షింపగలుగుచున్నారు. వ్యాధి పేరొక్కటియే చాలదు. అది ఎంత మొండిదో తెలిసినగాని మందుల మోతాదు నిర్ణయింపబడదు.

కలకత్తాకు గల పరంపర

రక్తవ్యాధుల అధ్యయనమున కలకత్తాకు పాతకాలపు పరంపర కలదు. 1920 ప్రాంతమున డాక్టర్ ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి క్యాంప్‌బెల్ వైద్యశాలలోని చిన్నగదిలో పరిశోధన చేసి, కాలా అజారు జ్వరమునకు యూరియా స్టిబమైన్ అను మందును కనిపెట్టి లక్షలమంది ప్రాణములను కాపాడెను. ఆ మహనీయుడే రక్తమార్పిడి సేవకు సారథ్యము వహించెను. 1939లో దేశములోని మొదటి రక్తనిధి కలకత్తాలో వెలసెను. 1933లో డాక్టర్ క్షీరోద్ చంద్ర చౌధురి శిశువైద్యమునకై ఒక ఇంగ్లీషు పత్రికను ఈ నగరమునుండియే ప్రారంభించెను. శిశువు పెద్దవాని చిన్న నమూనా కాదనియు, శిశువైద్యము ప్రత్యేకశాస్త్రమనియు మన దేశమునకు చాటినవారిలో ఆయన ముఖ్యుడు.

అప్పటి బంగాళములో పొట్టలో బల్ల పెరిగిన బిడ్డ కనిపించినచో అది మలేరియాయో కాలా అజారో యని భావించుట పరిపాటి. ఆ రెండు వ్యాధులును ఊరూర నుండెడివి. కాని ఏ మందునకును లొంగని పిల్లలు కొందరుండిరి. 1925లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున డాక్టర్ థామస్ కూలీ మధ్యధరా ప్రాంతమునుండి వచ్చిన కుటుంబముల పిల్లలలో ఒక వింత రక్తహీనతను వర్ణించియుండెను. తరువాత దానికే తలసేమియా యను పేరు వచ్చెను. అది కేవలము ఆ సముద్రతీరవాసుల వ్యాధియని లోకము తలచుచుండగా, 1938లో కలకత్తా వైద్యుడగు డాక్టర్ ముఖర్జీ మన దేశపు శిశువులోను అదే వ్యాధిని గుర్తించి ప్రకటించెను.

ఆ పనిని విస్తృతముగా కొనసాగించినవారు కలకత్తా ఉష్ణమండల వైద్యవిద్యాలయమునకు చెందిన డాక్టర్ జ్యోతిభూషణ్ ఛటర్జీ (1919–1972). బంగాళీ పిల్లల రక్తమును వందలకొలది పరీక్షించి వారు ఒక ముఖ్యవిషయమును స్పష్టపరచిరి. తూర్పుభారతమున హిమోగ్లోబిన్-ఇ అను భిన్నమైన హిమోగ్లోబిన్ చాలమందిలో కలదు. అది ఒంటరిగా నున్నచో పెద్ద కీడు చేయదు. కాని తల్లినుండి అది, తండ్రినుండి తలసేమియా లోపము ఒకే బిడ్డకు సంక్రమించినచో వ్యాధి కలుగును. అది కొందరిలో స్వల్పముగను, కొందరిలో తీవ్రముగను ఉండును. వేరు దేశముల గ్రంథములలోని వర్ణనను చూచి మన బిడ్డల వ్యాధిని నిర్ణయించుట చాలదనియు, మన రక్తమును మనమే పరీక్షించి తెలిసికొనవలెననియు ఛటర్జీగారి కృషి నేర్పినది. 1966లో వారికి శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారము లభించెను.

నెలనెలకు కొనుక్కొను ఆయువు

తీవ్రమైన తలసేమియా గల బిడ్డ పుట్టినప్పుడు ఆరోగ్యముగనే కనిపించును. ఆరునెలలు మొదలు రెండేండ్లలోపల మెల్లగా పాలిపోవుట, పాలు మానుట, పొట్ట పెరుగుట మొదలగును. అప్పటినుండి 2 మొదలు 5 వారములకొకసారి ఇతరుల రక్తము ఎక్కింపవలెను. రక్తము సకాలమున అందినచో బిడ్డ బడికి పోవును, ఆడుకొనును, పెరుగును. ఆలస్యమైనచో ఎముకలు వంకరలుపోవును, ముఖము రూపు మారును, గుండె అలసిపోవును.

అయితే ప్రాణము నిలుపు ఈ రక్తమే మరియొక అపాయమును తెచ్చును. ఒక్కొక్క సీసా రక్తముతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము దేహములో చేరును. దానిని బయటికి పంపు మార్గము దేహమునకు లేదు. ఆ యినుము కాలేయములోను, గుండెలోను, గ్రంథులలోను పేరుకొనును. రక్తహీనుడగు బిడ్డకు ఇనుపమందు మంచిదని తలచి టానిక్కులు త్రాగించు తల్లిదండ్రులు ఈ సంగతిని గట్టిగా గుర్తుంచుకొనవలెను. రక్తహీనత యన్నంతనే ఇనుము లోపము కాదు. తలసేమియా బిడ్డకు వైద్యుని సలహా లేక ఇనుపమందు వాడుట హానికరము.

ఇనుమును తొలగించు మందు మొదట చర్మము క్రింద గంటలకొలది యెక్కింపవలసిన సూదిమందు రూపమున నుండెను. 1990 దశకమున నోటితో మ్రింగు మందు వాడుకలోనికి వచ్చెను. దానికి అనుమతి నొసగిన మొదటి దేశములలో భారతదేశ మొకటి. నేడు పూర్తిగా నయము చేయగల చికిత్సగా మూలుగ మార్పిడి వాడుకలో నున్నది. తోబుట్టువుల మూలుగ సరిపోలుట నలుగురిలో ఒకరికి మాత్రమే సాధ్యము. దాని ఖర్చు సామాన్యులకు అందరానిది. కలకత్తాలో ప్రధాన కార్యాలయము గల కోల్ ఇండియా సంస్థ నిధులతో కేంద్ర ఆరోగ్యశాఖ 2017లో తలసేమియా బాలసేవా యోజనను ప్రారంభించెను. మూలుగ మార్పిడికై అర్హతగల పేదబిడ్డకు 10 లక్షల రూపాయలవరకు సహాయము చేయుట దాని యుద్దేశము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో తలసేమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులు చేర్చబడినవి.

రక్తమును ఏ కర్మాగారమును తయారుచేయజాలదు. మనుష్యుడే మనుష్యునికి ఈయవలెను. కలకత్తా పేటలలోని క్లబ్బులు ఆదివారములందు పందిళ్ళు వేసి రక్తదాన శిబిరములు జరుపుట చూడదగిన దృశ్యము. ఎండకాలమున కళాశాలలు మూతపడి శిబిరములు తగ్గినప్పుడు తలసేమియా బిడ్డల తల్లులు సీసాకొరకు వేచియుండవలసివచ్చును. ఆరోగ్యవంతుడగు పౌరుడు అరగంటసేపు వెచ్చించి యిచ్చు రక్తము ఒక బిడ్డకు మూడునాలుగు వారముల ఆయువగును.

పెండ్లికి ముందొక పరీక్ష

మన దేశమున ఏటేట 10,000కు పైగా తలసేమియా బిడ్డలు పుట్టుచున్నారని అంచనా. ఈ సంఖ్యను తగ్గించుట చికిత్సచేత కాదు, నివారణచేతనే సాధ్యము. నివారణమార్గమును గ్రహించుటకు ఒక చిన్నలెక్క తెలిసిన చాలును.

ప్రతి మనుష్యునికి హిమోగ్లోబిన్‌కు సంబంధించిన లక్షణము తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి వచ్చును. ఒకటి మంచిది, ఒకటి లోపముగలది యైనచో ఆ వ్యక్తి వాహకుడు. వాహకుడు రోగి కాడు. పొలముదున్నును, ఉద్యోగము చేయును, నూరేండ్లు బ్రదుకును. అతడు వాహకుడని పరీక్ష చేసినగాని తెలియదు. వాహకుడు వాహకురాలిని వివాహమాడినప్పుడే చిక్కు వచ్చును. అప్పుడు ప్రతి కానుపునను నాలుగు పాళ్ళలో ఒకపాలు తీవ్రవ్యాధిగల బిడ్డ పుట్టు అవకాశము కలదు. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చినది గావున తరువాతి ముగ్గురికి రాదనుకొనుట పొరపాటు. ప్రతి కానుపునను పాచిక క్రొత్తగా పడును.

దీనికి కావలసినది ఒక్క రక్తపరీక్ష. అది జీవితములో ఒక్కసారి చేయించుకొన్న చాలును. పెండ్లికి ముందైనను, గర్భము ధరించిన తొలినెలలలోనైనను చేయించుకొనవలెను. దంపతులిరువురు వాహకులని తేలినచో 10వ వారము దాటినపిదప గర్భస్థశిశువును పరీక్షించు విధానముకూడ కలదు. పశ్చిమబెంగాల్ వైద్యకళాశాలలలోని తలసేమియా నియంత్రణ విభాగములు కళాశాల విద్యార్థులకు ఈ పరీక్షలు చేయుచున్నవి. జాతకములు చూచుకొను అలవాటుగల మనవారు దానితోపాటు ఈ పరీక్షాపత్రమునుగూడ చూచుకొనుట శ్రేయస్కరము. మేనరికములు పరిపాటియైన తెలుగునాట ఈ హెచ్చరిక మరింత యవసరము. ఒకే కుటుంబములో లోపలక్షణము ఇరువురికి ఉండు అవకాశము హెచ్చు గదా!

బిళ్ళగన్నేరు, భీమవరము

ఇక ఖరగ్‌పూరు బిడ్డ విషయమునకు వత్తము. ఆమెకు వచ్చినది పిల్లలలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించు లింఫోబ్లాస్టిక్ లుకేమియా. 80 ఏండ్ల క్రిందట ఈ మాట మరణశాసనము. వ్యాధి బయటపడిన కొలది వారములలో, కొలది నెలలలో బిడ్డ గతించెడిది.

1950 జనవరి 2వ తేదీన కలకత్తాలో చిత్తరంజన్ క్యాన్సరు వైద్యశాల ప్రారంభోత్సవము జరిగినది. దేశబంధు చిత్తరంజన్ దాస్ పేరిట వెలసిన సేవాసదనమే దానికి ఆలవాలము. డాక్టర్ సుబోధ్ మిత్ర కృషి దానికి మూలము. ప్రారంభోత్సవము చేసినవారు నోబెల్ బహుమతి గ్రహీత్రియగు ఐరీన్ జోలియో-క్యూరీ. తల్లి మేరీ క్యూరీ రేడియమును కనుగొని, ఆ కిరణముల ప్రభావముచేతనే 1934లో మూలుగ యెండిపోవు రక్తవ్యాధితో మరణించెను. కుమార్తె ఐరీన్ 1956లో లుకేమియాతోనే కన్నుమూసెను. రోగుల కుపకరించు విద్యను లోకమునకిచ్చినవారినే ఆ వ్యాధి బలిగొన్నది.

లుకేమియాపై తొలి విజయమున తెలుగువాని పాత్ర ప్రతి తెలుగు కుటుంబమును తెలిసికొనదగినది. 1895లో భీమవరములో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు డైరెక్టరుగా నుండెను. వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. రక్తకణములు పెరుగుటకు అది యవసరము. బోస్టను నగరపు శిశువైద్యశాలలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దీనిని గమనించి, ఫోలిక్ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు మందు దొరికినచో క్యాన్సరు కణములకు ఆహారము నిలిచిపోవునని యూహించెను. సుబ్బారావుగారి బృందము అట్టి మందులను తయారుచేసి పంపినది. ఎమినోప్టెరిన్ అను మందును 16 మంది పిల్లలకు ఇయ్యగా 10 మందిలో వ్యాధి తాత్కాలికముగా వెనుకంజ వేసినది. 1948 జూన్ మాసమున ఈ వార్త లోకమునకు తెలిసినది. అదే సంవత్సరము ఆగస్టు మాసమున సుబ్బారావుగారు 53 ఏండ్ల వయసున పరమపదించిరి. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని కలకత్తాలోను, హైదరాబాదులోను, లోకమంతటను లుకేమియా బిడ్డలకు వాడబడుచున్నది.

ఆ ఫలితము తాత్కాలికమే యయ్యెను. ఒక్కమందు చాలదని తెలిసెను. 1953లో మెర్కాప్టోప్యూరిన్ వచ్చెను. 1960 దశకమున విన్‌క్రిస్టిన్ వచ్చెను. ఈ విన్‌క్రిస్టిన్ మరేదియు కాదు, మన పెరటిలో పూచు బిళ్ళగన్నేరు మొక్కనుండి తీసిన సారము. అట్లని ఇంటిలో ఆ ఆకును నూరి త్రాగించుట ప్రాణాపాయము. శుద్ధిచేసి మిల్లీగ్రాముల లెక్కను ఇచ్చినప్పుడే అది మందగును. 1960 దశకము చివర అమెరికాలోని మెంఫిస్ నగరమున డాక్టర్ డోనాల్డ్ పింకెల్ మందులన్నిటిని క్రమముగా కలిపి, మెదడు, వెన్నుపాములలో దాగు కణములనుకూడ హతమార్చి, దీర్ఘకాలము చికిత్స సాగించి సగముమంది పిల్లలను బ్రదికించెను. నేడు సంపన్నదేశములలో క్యాన్సరు సోకిన పిల్లలలో నూటికి 80 మందికి పైగా బ్రదుకుచున్నారు. పేదదేశములనేకములలో 30 మందియు బ్రదుకుట లేదు. మందులవే, వ్యాధియు అదే. మరి యీ వ్యత్యాసమెందుకు? కలకత్తా వైద్యుల ముందున్న ప్రశ్న యిదియే.

మన బిడ్డలకు తగిన కొలత

నగరపు తూర్పుదిక్కున న్యూటౌనులో 2011లో టాటా మెడికల్ సెంటరు ప్రారంభింపబడినది. అందు శిశు క్యాన్సరు చికిత్సకు సారథ్యము వహించిన డాక్టర్ భాస్కర్ సాహా అంతకుముందు ఇంగ్లండులో చాలకాలము పనిచేసెను. వ్యాధి తిరుగబెట్టిన లుకేమియా పిల్లలపై ఆయన బృందము చేసిన అధ్యయనము 2010లో ప్రచురింపబడినది. మైటోజాంట్రోన్ అను మందు వాడిన పిల్లలలో మూడేండ్ల పిదప నూటికి 69 మంది జీవించియుండగా, పోల్చిచూచిన వేరుమందు వాడినవారిలో 45 మంది మాత్రమే జీవించియుండిరి.

ఆయన కలకత్తాకు వచ్చినపిదప ఢిల్లీ, ముంబాయి, చండీగఢ్, చెన్నై నగరముల వైద్యులతో కలిసి భారతీయ బాలల లుకేమియా అధ్యయనమొకటి రూపొందెను. దాని వెనుకనున్న ఆలోచన సామాన్యమైనది, గొప్పది. మందు మోతాదు హెచ్చినకొలది క్యాన్సరు కణములు చచ్చును. కాని బిడ్డ రోగనిరోధకశక్తియు క్షీణించును. పౌష్టికాహారము చాలని బిడ్డ, రద్దీగానున్న ఇండ్లనుండి వచ్చు బిడ్డ, అప్పుడు క్యాన్సరుచేత గాక అంటుజ్వరముచేత మరణింపవచ్చును. కావున ప్రతి బిడ్డ వ్యాధి తీవ్రతను ముందుగా కొలిచి, మొండి వ్యాధికి గట్టి మందును, లొంగు వ్యాధికి తేలిక మందును ఇయ్యవలెను. స్టిరాయిడ్ మందును అయిదు వారములకు బదులు మూడు వారములు వాడినచో చాలునా యను ప్రశ్నను అధ్యయనము పరీక్షకు పెట్టినది. ఛటర్జీగారు 1950 దశకమున చేసినది, వీరు నేడు చేయుచున్నది ఒకే పని. పరులకొలతతో గాక మన బిడ్డల కొలతతో వైద్యమును కుట్టుటయే అది.

చెరువులోని గుర్రపుడెక్క

ఖరగ్‌పూరు బిడ్డకు నెలదినముల చికిత్స జరిగెను. జ్వరము పోయెను. మచ్చలు మాసిపోయెను. జుట్టు రాలినది గాని ఆకలి హెచ్చినది. పక్కమంచపు పిల్లలతో ఆటలాడసాగినది. వైద్యులు మూలుగను పరీక్షించి వ్యాధి అణగినదని చెప్పిరి. ఇల్లంతయు సంతోషించిన ఆ దినమే అసలు ప్రమాదదినము.

తండ్రి కొట్టు మూతబడి నెలరోజులాయెను. తల్లి నగ తాకట్టులో నున్నది. ఇంటివద్ద రెండవ బిడ్డను ఇరుగుపొరుగువారు చూచుకొనుచున్నారు. నాయనమ్మ వైద్యుని యెదుట చేతులు జోడించినది.

“డాక్టరుగారూ, పిల్ల బంగారంలా ఉంది. ఇంకా ఈ సూదులెందుకు? ఇంటికి తీసుకుపోతాం. మళ్ళీ జ్వరం వస్తే మీ దగ్గరికే వస్తాం.”

తండ్రి ఆ మాటలను బంగాళీలో చెప్పెను. వైద్యుడు కోపపడలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకొని ఆమెనే యడిగెను: “అమ్మా, మీ ఊళ్ళో చెరువులో గుర్రపుడెక్క ఉంటుందా?”

“ఎందుకు లేదు బాబూ! ఎంత తీసినా మళ్ళీ వస్తుంది.”

“ఎందుకు వస్తుంది?”

“ఒక్క మొక్క మిగిలినా చాలు, నెల తిరిగేసరికి చెరువంతా కప్పేస్తుంది.”

“మీ మనుమరాలి నెత్తురూ ఇప్పుడట్లాగే ఉందమ్మా. పైకి నీళ్ళు తేటగా కనిపిస్తున్నాయి. అడుగున మొక్కలు మిగిలే ఉన్నాయి.”

వైద్యుడు చెప్పినది నిజము. వ్యాధి బయటపడునప్పుడు దేహములో లక్ష కోట్ల వరకు క్యాన్సరు కణములుండవచ్చును. నూటికి 99 పాళ్ళు నశించినను ఇంకను వేయి కోట్లు మిగిలియుండును. అవి సూక్ష్మదర్శినికి అందవు; బిడ్డ ముఖమున కానరావు. వాటిని హతమార్చుటకే మిగిలిన చికిత్సయంతయు. మొదట కొన్ని నెలలు గట్టిమందులు. పిదప సుమారు ఏడాదిన్నర నుండి రెండేండ్లవరకు ఇంటివద్దనే మ్రింగు మాత్రలు. మెర్కాప్టోప్యూరిన్ దినమున కొకమారు. మెథోట్రెక్సేటు వారమున కొకమారు మాత్రమే. వారపుమాత్రను పొరపాటున దినదినము వేసినచో ప్రాణాపాయము. అందుకే వైద్యుడు ఆ వారమును క్యాలెండరుపై ఎర్రసిరాతో గుర్తువేసి చూపును. మొత్తము చికిత్స రెండు మొదలు రెండున్నర ఏండ్లు సాగును. మధ్యలో మానివేసినచో వ్యాధి తిరుగబెట్టును. తిరుగబెట్టిన వ్యాధి ముందటి మందులకు సులభముగా లొంగదు.

ఇచ్చటనే వైద్యుని రెండవపని మొదలగుచున్నది. మొదటిపని కణములతో, రెండవపని కుటుంబముతో. బసయెక్కడ, భోజనమెట్లు, తిరుగుప్రయాణమునకు ఖర్చెవరిత్తురు, ప్రభుత్వపథకమున ఏ కాగితము చేర్చవలెను, రెండవ బిడ్డను బడిలో ఎవరు దిగబెట్టుదురు అను ప్రశ్నలకు సమాధానము దొరకనిచో ఎంత మంచి మందైనను సీసాలోనే మిగిలిపోవును. టాటా మెడికల్ సెంటరువారు దూరమునుండి వచ్చు రోగులకై ‘ప్రేమాశ్రయ’ అను బసను నెలకొల్పుటకు కారణమిదియే. మంచి చికిత్సాకేంద్రములలో ఒక పట్టిక యుండును. రావలసిన దినమున రాని బిడ్డ పేరు అందెక్కును. ఆ సాయంకాలమే సామాజిక కార్యకర్త టెలిఫోను చేయును. వైద్యశాలలో అంతకంటె ఖరీదులేని పరికరము లేదు. అంతకంటె విలువైనదియు లేదు.

నాయనమ్మ కొంతసేపు మౌనముగా నుండి, “అయితే అడుగున ఉన్నదంతా తీయండి బాబూ. మేం ఉంటాం” అనెను. కొట్టు తెరచుటకు తండ్రి ఖరగ్‌పూరు వెళ్ళుటయు, తల్లియు నాయనమ్మయు వంతులవారీగా బిడ్డవద్ద నుండుటయు అచ్చటనే నిర్ణయమాయెను. ఆ కుటుంబము తీసికొన్న యీ నిర్ణయము ఏ మందునకును తీసిపోని మందు.

తల్లిదండ్రులు గమనింపవలసినవి

క్రింది లక్షణములలో ఏదైన కనిపించినచో బిడ్డను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. ఇవన్నియు క్యాన్సరు గుర్తులే యని భయపడనక్కరలేదు. ఎక్కువమందిలో కారణము స్వల్పముగనే యుండును. కాని పరీక్షింపకుండ ఊరకుండరాదు.

ఒకటి: రెండు వారములు దాటియు తగ్గని జ్వరము, కారణము లేక తూకము తగ్గుట.
రెండు: పాలిపోవుట, త్వరగా అలసిపోవుట.
మూడు: దెబ్బ లేకయే మచ్చలు లేచుట, చిగుళ్ళనుండి గాని ముక్కునుండి గాని మాటిమాటికి నెత్తురు కారుట.
నాలుగు: ఎముకల నొప్పి, కుంటుట, రాత్రులందు నొప్పితో మేల్కొనుట.
అయిదు: మెడలో, చంకలో, పొట్టలో గడ్డలు, పొట్ట పెరుగుట.
ఆరు: కంటిపాపలో తెల్లని మెరుపు, క్రొత్తగా వచ్చిన మెల్ల.
ఏడు: ఉదయమున తలనొప్పితో వాంతులు, నడకలో తూలుట.

పిల్లల క్యాన్సరు అంటువ్యాధి కాదు. ఒకే కంచములో తినినను, ఒకే మంచముపై పండినను సోకదు. ఎక్కువ సందర్భములలో అది వంశపారంపర్యముగ వచ్చునదియు కాదు. తల్లి చేసిన యే తప్పువలనను రాదు. కావున కోడలిని నిందించుట, బిడ్డను వెలిగా చూచుట అజ్ఞానము, అన్యాయము.

తెలుగునాట చికిత్సకై అందరును కలకత్తాకు పోనక్కరలేదు. హైదరాబాదులోని మెహ్దీ నవాజ్ జంగ్ క్యాన్సరు వైద్యశాల, నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ, విశాఖపట్టణములోని హోమీ భాభా క్యాన్సరు వైద్యశాల ఈ సేవ చేయుచున్నవి. 2007లో ఆరోగ్యశ్రీతో ఆరంభమైన ప్రభుత్వ వైద్యసహాయ పరంపర పేదకుటుంబములకు ఖర్చుభారమును తగ్గించినది. మన్యప్రాంతములందు సికిల్ సెల్ వ్యాధిని గుర్తించుటకు కేంద్రప్రభుత్వము 2023లో జాతీయ ఉద్యమమును ఆరంభించినది. తమకు వర్తించు పథకమేదో వైద్యశాలలోని సహాయకేంద్రమున మొదటిదినమే యడిగి తెలిసికొనుట మంచిది.

భీమవరములో పుట్టినవాని మేధ, పెరటి బిళ్ళగన్నేరు సారము, కలకత్తా వైద్యుల ఓర్పు, పేరు తెలియని దాత రక్తము — ఇన్ని కలిసి ఒక బిడ్డ ప్రాణమును నిలుపుచున్నవి. వీటన్నిటిని బిడ్డవరకు చేర్చవలసిన చివరి చేయి మాత్రము తల్లిదండ్రులదే. సకాలమున వైద్యునివద్దకు పోవుట సగము విజయము. చికిత్సను కడవరకు సాగించుట మిగిలిన సగము.